నాలుగు పరుగులు, నాలుగు నెలలు

ఓటమికి కొలతలుంటాయి. ఇన్నింగ్సు తేడాతో ఓడిపోతే అభిమానికి ఒక సౌకర్యం ఉంది: అవతలివాడు బలవంతుడు, మనది అంతంతమాత్రం జట్టు అనుకుని ముసుగుతన్ని పడుకోవచ్చు. నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయినప్పుడు ఆ సౌకర్యం ఉండదు. ఒక్క బౌండరీ. ప్యాడుకు తగిలి తాడు దాటే ఒక్క లెగ్ బై. ఆ కాస్తా దక్కి ఉంటే కనీసం స్కోరు సమమై ఉండేది కదా అన్న ఊహ నిద్రపోనివ్వదు. 2024 ఫిబ్రవరి 26న ఇండోరులో, రంజీ ట్రోఫీ క్వార్టర్ ఫైనల్లో, మన ఆంధ్ర జట్టు మధ్యప్రదేశ్ చేతిలో సరిగ్గా అంత తేడాతో ఓడిపోయింది.

మీలో చాలామందికి ఆ మ్యాచి జరిగిన సంగతే తెలియకపోవచ్చు. ఆశ్చర్యమేమీ లేదు, ఈ టపా సారాంశం ఒక రకంగా అదే. అయిపోయిన పెళ్ళికి ఇప్పుడు మేళమెందుకని అడిగేవారికి నా జవాబొకటే. ఆ ఓటమి ఒక్క పూటలో ముగిసింది. దాని వెనకాల వచ్చిన నాలుగు నెలల కథ మాత్రం ముగిసిందని నాకనిపించదు.

ముందుగా లెక్కలు. మధ్యప్రదేశ్ తొలి ఇన్నింగ్సు 234. మనవాళ్ళు 172కే ముగించి 62 పరుగులు వెనకబడ్డారు. అక్కడితో ఆశ వదులుకోవలసిన మ్యాచి అది. కానీ మన బౌలర్లు రెండో ఇన్నింగ్సులో మధ్యప్రదేశ్‌ను 107 పరుగులకే చుట్టేశారు. లక్ష్యం 170. నాలుగో రోజు పొద్దున ఆట మొదలయ్యేసరికి మన స్కోరు నాలుగు వికెట్లకు 95. కావలసినవి 75 పరుగులు, చేతిలో ఆరు వికెట్లు, క్రీజులో హనుమ విహారి. ఏ జట్టయినా కోరుకునే పరిస్థితి. విహారి 55 పరుగులు చేసి వెనుదిరిగాడు. అనుభవ్ అగర్వాల్ ఆరు వికెట్లు తీశాడు. 165 దగ్గర మన కథ ముగిసింది.

దానికి ముందు ఏడాది, 2023లో కూడా ఇదే ఇండోరు, ఇదే మధ్యప్రదేశ్, ఇదే క్వార్టర్ ఫైనలు. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 చేయగా తొలి ఇన్నింగ్సులో మనకు 379 పరుగులొచ్చాయి. మధ్యప్రదేశ్ 228. అంటే 151 పరుగుల ఆధిక్యం. రెండో ఇన్నింగ్సులో 93కే కుప్పకూలాం, అయిదు వికెట్ల తేడాతో ఓడిపోయాం. ఆ మ్యాచిలోనే ఆవేశ్ ఖాన్ బంతి తగిలి విహారి ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి వాటం మనిషి. విరిగిన చేతిని కాపాడుకోవడానికి ఎడమవైపు తిరిగి నిలబడి ఆడాడు. రెండో ఇన్నింగ్సులోనైతే ఒంటిచేత్తో ఆడాడు. జట్టు ఓడిపోయింది గానీ ఆ దృశ్యం చూసినవాడెవడూ దాన్ని ఓటమి అని పిలవలేడు.

ఈ రెండు ఓటములూ జరిగిన మైదానం పేరు హోల్కర్ స్టేడియం. ఆ పేరుకూ తెలుగువాళ్ళకూ ఒక సంబంధముంది. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన కల్నల్ సి.కె.నాయుడు ఇండోరు సంస్థానపు హోల్కర్ జట్టును దేశంలోనే మేటి జట్లలో ఒకటిగా తీర్చిదిద్దాడు. ఆ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1953-54లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. అరవయ్యేళ్ళకు చేరువవుతున్న వయసులో ఆయన ఆ కొత్త జట్టుకూ ఆడాడు. పరాయి సంస్థానానికి కప్పులు కట్టబెట్టిన తెలుగువాడి ఊళ్ళో తెలుగు జట్టు వరసగా రెండేళ్ళు తలవంచింది. మొదలుపెట్టి డెబ్భై ఏళ్ళు దాటినా ఆంధ్రకు రంజీ ట్రోఫీ ఇంతవరకూ దక్కలేదు, ఫైనలు మెట్టూ ఎక్కలేదు.

ఇంతవరకూ ఆట. ఆటలో గెలుపోటములు సహజమన్న అరిగిపోయిన మాట ఇక్కడిదాకా పనికొస్తుంది. ఆపైన పనికిరాదు.

* * *

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకు ఆఫ్ సీజన్ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. దాళ్వా కోతలయ్యాక ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తలుపులు వేసేస్తే నిన్నటిదాకా గట్టు ఒరుసుకుని పారిన నీళ్ళు బురదగుంటలవుతాయి. చూసేవాడికి అది పని లేని కాలం. నిజానికి పనంతా అప్పుడే. పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి, లాకులకు మరమ్మతు చేయాలి, తెగిన గట్లు పొయ్యాలి. జూన్‌లో నీళ్ళొదిలేనాటికి ఇవన్నీ సరిగా జరిగితే శివారు చేను దాకా నీరందుతుంది. జరగకపోతే కాలువ మొదట్లో ఉన్నవాడికి బాగానే ఉంటుంది. శివారువాడు ఆకుమడి ఎండబెట్టుకుంటాడు. సార్వా పంట భవిష్యత్తు నీళ్ళు పారే రోజుల్లో కాదు, నీళ్ళు లేని రోజుల్లో తేలుతుంది.

క్రికెట్టు జట్టుకూ అంతే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రంజీ ముగుస్తుంది. మళ్ళీ మొదలయ్యేది అక్టోబరు ప్రాంతంలో. ఆ మధ్యకాలంలో ఒక జట్టు తన ఓటమిని ముందేసుకుని కూర్చోవాలి. మనకు 75 పరుగులు ఎందుకు రాలేదు? ముందు ఏడాది 93కి ఎందుకు పడిపోయాం? రెండేళ్ళూ కొంప ముంచింది రెండో ఇన్నింగ్సే కదా, దానికి మందేమిటి? ఇవీ 2024 వేసవిలో ఆంధ్ర జట్టు వేసుకోవలసిన ప్రశ్నలు.

ఆ వేసవిలో మన చెవిన పడ్డ ప్రశ్నలు వేరు.

ఓడిపోయిన రోజునే విహారి ఇన్‌స్టాగ్రాములో ఒక ప్రకటన పెట్టాడు. దాని సారం ఇది. ఆ సీజనులో తొలి మ్యాచికి తాను నాయకుడు. విశాఖపట్నంలో బెంగాలు మీద జరిగిన ఆ మ్యాచిలో ప్రత్యర్థి 409 పరుగులు చేస్తే మనవాళ్ళు 445 చేసి ఆధిక్యం సంపాదించారు. ఆ మ్యాచిలో జట్టులోని పదిహేడో ఆటగాణ్ణి తాను గద్దించాడు. ఆ కుర్రవాడి తండ్రి రాజకీయ నాయకుడు. కొడుకు తండ్రికి చెప్పుకున్నాడు, తండ్రి సంఘం వారికి చెప్పాడు, సంఘం వారు తనను నాయకత్వం నుంచి తప్పుకోమన్నారు. అవమానాన్ని దిగమింగి జట్టు కోసం సీజనంతా ఆడాడు. ఇక ఆత్మగౌరవం పోగొట్టుకున్న చోట, అంటే ఆంధ్ర జట్టుకు, ఎన్నడూ ఆడడు.

జనవరిలో ఆయన నాయకత్వం వదులుకున్నప్పుడు బయటికొచ్చిన మాట వ్యక్తిగత కారణాలని. ఫిబ్రవరి చివరికి ఆ కారణాలకు ఇంకో రూపం కనిపించింది.

అవతలి పక్షం మాట కూడా చెప్పుకోవాలి. ఆ కుర్రవాడు విహారి మాటలను ఖండించాడు. ఆటకంటే, ఆత్మగౌరవం కంటే ఎవరూ గొప్పవారు కారన్నది అతడి వాదన. ఆంధ్ర క్రికెట్టు సంఘం తనకు ఫిర్యాదు అందిందనీ, విచారిస్తామనీ చెప్పింది. విహారి తన తరఫున తోటి ఆటగాళ్ళు సంతకాలు చేసిన లేఖను బయటపెట్టాడు. డ్రెస్సింగు రూములో మనమెవరమూ లేము. అక్కడ ఏ మాట పడిందో, ఎంత గట్టిగా పడిందో తీర్పు చెప్పే అధికారం నాకు లేదు, మీకూ లేదు. నాయకుడైనంత మాత్రాన ఒక కుర్రవాణ్ణి నోటికొచ్చినట్టు అనే హక్కు ఎవరికీ రాదు. అది నిజమైతే తప్పే. రాజకీయ నాయకుడి కొడుకుగా పుట్టడం కూడా నేరమేమీ కాదు.

నా ఫిర్యాదు ఆ ఇద్దరి మీదా కాదు. ఇలాంటిది జరిగినప్పుడు నిజం తేల్చే దారి ఏది, అది అభిమానికి కనబడే దారేనా అన్నది నా ప్రశ్న. ఒక నాయకుణ్ణి తొలి మ్యాచి కాగానే మార్చారు. ఎందుకు మార్చారో ఎవరైనా నాలుగు వాక్యాలు సంతకంతో రాసి జనవరిలోనే జనం ముందు పెట్టి ఉంటే, ఫిబ్రవరిలో ఇన్‌స్టాగ్రాము న్యాయస్థానం తెరుచుకునేదే కాదు.

* * *

ఆ తరవాత కథ మీకు గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే అది క్రికెట్టు పేజీ దాటి మొదటి పేజీకి వచ్చేసింది. 2024 ఎన్నికల వేళ అది. అధికార పక్షాన్ని తిట్టడానికి విహారి ఒకరికి పనికొచ్చాడు, విహారిని తిట్టడం ఇంకొకరికి పనికొచ్చింది. 165కు ఆలౌటైన సంగతి గాలికిపోయింది. జూన్‌లో ప్రభుత్వం మారింది. రెండు నెలలుగా అడుగుతున్నా ఇవ్వని నిరభ్యంతర పత్రం, పరిస్థితి మారగానే చేతికిచ్చారని విహారి స్వయంగా రాశాడు. అదే నెలలో మంత్రి నారా లోకేశ్‌ను కలిశాడు. ఆంధ్రకే ఆడతానన్నాడు. ఆగస్టులో సంఘం పాత కార్యవర్గం రాజీనామా చేసింది. సెప్టెంబరులో విజయవాడ ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షుడుగా కొత్త కార్యవర్గం ఏకగ్రీవంగా వచ్చింది.

ఫిబ్రవరి చివరి నుంచి జూన్ చివరి దాకా, సరిగ్గా నాలుగు నెలలు. చాలామంది దీన్ని సుఖాంతమన్నారు. మన పిల్లవాడు మన ఇంటికొచ్చాడు, ఇంకేం కావాలన్నారు. కాకినాడలో పుట్టినవాడు ఆంధ్రకు ఆడతానంటే మా జిల్లాలవాళ్ళకు కడుపు నిండిన మాట నిజమే. ఐతే ఆ ముగింపును సుఖాంతమని పిలవడానికి నాకు మనసొప్పదు. ఆయన పోవడానికి కారణంగా చెప్పింది రాజకీయం. రావడానికి కనిపించిన ద్వారమూ రాజకీయమే. మొదటిదాన్ని అన్యాయమనీ రెండోదాన్ని న్యాయమనీ అనడానికి, ఏ పార్టీ మన పార్టీ అన్నది తప్ప నాకు వేరే కొలత దొరకదు. ఒక మంత్రి ఆదరించినందువల్ల తిరిగొచ్చిన గౌరవం, ఇంకో మంత్రి వచ్చినప్పుడు పోగలదు. గౌరవం నిలవాలంటే అది నియమంలో ఉండాలి. మనుషుల మంచితనంలో ఉంటే దానికి అయిదేళ్ళే ఆయువు.

ఇక్కడ మా డెల్టా ముచ్చట ఇంకొకటి చెప్పాలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పండే భూమిని, అదీ గోదావరి నీళ్ళు పారే భూమిని, బీడు పెట్టారు. గిట్టుబాటు ధర లేదు, ముంపునీరు పోయే దారి లేదు, ఖర్చులు పెరిగిపోయాయి. అప్పుడు పట్నాల్లో కూర్చుని "అన్నం పెట్టే భూమిని బీడు పెడతారా, ఇదేం పొగరు?" అన్నవాళ్ళున్నారు. భూమి మీద ప్రేమ చచ్చి బీడు పెట్టే రైతు ఎక్కడా ఉండడు. పంట వేసి నష్టపోయినప్పుడు ఎవడూ పలకలేదు గనుక, వేయకుండా ఉంటేనన్నా పలుకుతారేమోనని చేసిన పని అది. "ఇక ఆంధ్రకు ఆడను" అన్న మాటను నేను ఆ వెలుగులోనే చదువుకున్నాను. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం చిరిగినా అశ్విన్‌తో కలిసి మ్యాచి కాపాడిన మనిషి ఈయన. పరుగెత్తలేని స్థితిలో 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచాడు. 2023లో విరిగిన చేత్తో ఆడాడు. ఒంటి దెబ్బలకు మైదానం వదలనివాడు మాట దెబ్బకు వదిలేస్తానన్నాడంటే, చెప్పుకునే చోటు వేరే కనబడలేదనే అర్థం.

ఓడిపోయిన రోజునే ఆ ప్రకటన పెట్టడం సబబేనా అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఆ రోజు ఓటమి బాధ్యత మోయవలసిన పదకొండుమందీ ఆ ప్రకటన నీడలో తప్పించుకున్నారు. వాళ్ళు పడ్డ కష్టమూ ఆ నీడలోనే మరుగునపడింది. ఆ సీజనులో దేశం మొత్తంమీద అందరికంటే ఎక్కువగా 902 పరుగులు చేసిన రికీ భుయ్, విహారి తరవాత నాయకత్వం మోసి జట్టును నాకౌటు దాకా తెచ్చినవాడు, ఆ వేసవిలో ఎవరి నోటా వినబడలేదు. అందుకే, నాయకుణ్ణి మార్చడం వల్లే ఆ నాలుగు పరుగులు పోయాయని నేననను. అలా అనడం భుయ్‌కి అన్యాయం, లెక్కకూ అన్యాయం. నాలుగు పరుగులు మైదానంలోనే పోయాయి. నాలుగు నెలలు మాత్రం మైదానం బయట పోయాయి. మరుసటి ఏడు, 2024-25లో, ఆంధ్ర క్వార్టర్ ఫైనలు దాకా కూడా రాలేదు.

* * *

ఇంతకీ ఒక రాష్ట్ర జట్టు పెత్తనం ఇలా చేతులు మారుతుంటే అడిగేవాడెందుకు లేడు? నాకు తోచిన సమాధానం చేదుగా ఉంటుంది. అడగవలసినవాడు వేరే మ్యాచి చూస్తున్నాడు.

ఆంధ్ర ఓడిన ఫిబ్రవరి 26కు సరిగ్గా మూడు నెలలకు, మే 26న, చెన్నైలో ఐపీఎల్ ఫైనలు జరిగింది. సన్‌రైజర్స్ హైదరాబాదు 113 పరుగులకే ఆలౌటయ్యింది. కోల్‌కతా జట్టు పదకొండో ఓవరులోనే ఆట ముగించింది. ఆ రాత్రి రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో టీవీల ముందు పడ్డ నిట్టూర్పులకు లెక్కలేదు. ఆ జట్టు యజమాని చెన్నై సంస్థ, నాయకుడు ఆస్ట్రేలియావాడు. పేరు హైదరాబాదుది. అందులో తప్పేమీ లేదు. ఆటను ప్రేమించేవాడికి ఊరి సరిహద్దులక్కర్లేదు. కానీ ఆ జట్టులో మన కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి ఉన్నాడు. మూడు నెలల కింద ఇండోరులో నాలుగు పరుగులతో ఓడిన జట్టులో ఉన్నదీ అతడే. అదే ఏడాది డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేసినదీ అతడే. ఐపీఎల్‌లో అతణ్ణి చూసి మురిసినవాళ్ళలో వందకు తొంభైమందికి ఆంధ్ర తరఫున అతడి స్కోర్లు తెలియవని నేను పందెం కడతాను. పందేలకు పేరుపడ్డ జిల్లాలవాళ్ళం కదా, ఆ మాత్రం ధైర్యముంది.

పందెం మాటొచ్చింది గనుక మా భీమవరం మిత్రుడొకాయన అన్నది చెబుతాను. "ఆయ్, సంక్రాంతి కోడికి ఏడాది పొడుగునా బాదంపప్పు పెట్టి, ఈత కొట్టించి, పొద్దున్నే లేచి చూసుకుంటామండి. బరిలో దిగేది ఎంతసేపు? గట్టిగా అయిదు నిమిషాలు. మరి మీ ఆంధ్ర జట్టుని ఎవరు చూసుకుంటున్నారండీ?" నవ్వుతూ అన్నాడు గానీ, కోడిపందేల మంచిచెడ్డలు అటుంచితే, అందులో ఒక సూక్ష్మముంది. పందెం కోడిని చెడగొడితే యజమాని ఊరుకోడు, ఊరూ ఊరుకోదు. ఎందుకంటే దాని మీద ఊరి కళ్ళున్నాయి. చూసేవాళ్ళు లేని జట్టుకు ఎవరైనా యజమాని కావచ్చు.

మా డెల్టావాసులకు ఆంధ్ర జట్టు కనబడే అవకాశమూ తక్కువే. రంజీ మ్యాచులు విశాఖలో, విజయనగరంలో, ఒంగోలులో, కడపలో, అనంతపురంలో జరుగుతుంటాయి. గోదావరికి ఇరువైపులా ఉన్న ఊళ్ళ పేర్లు ఆ జాబితాలో కనబడడం అరుదు. 2022లో మొదలైన ఆంధ్ర ప్రీమియర్ లీగులో గోదావరి టైటన్స్ అనే జట్టుండేది. 2025లో జట్ల పేర్లు మారి భీమవరం బుల్స్, కాకినాడ కింగ్స్ వచ్చాయి. పేర్లు వినగానే మావాళ్ళకు మీసం మీద చెయ్యి పడింది. పోటీ మాత్రం మొత్తం విశాఖలోనే జరిగింది. కాలువకు మా ఊరి పేరు పెట్టారు. నీళ్ళు మాత్రం మా ఊరిదాకా రాలేదు. మళ్ళీ శివారు కష్టమే.

* * *

అమెరికాలో ఉంటున్న మిత్రులు అక్కడి బేస్‌బాల్ అభిమానుల గురించి చెబుతుంటారు. సీజను ముగిసి చలికాలం వస్తే వాళ్ళు ఆటను వదిలిపెట్టరట. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, మొన్న ఆ బంతి ఎందుకు అలా వేశాడు అని వేడిపొయ్యి చుట్టూ చేరి చెప్పుకున్న కబుర్లకు "హాట్ స్టవ్ లీగ్" అని పేరే పెట్టుకున్నారు. బాస్టన్ రెడ్‌సాక్స్ జట్టు 1918లో గెలిచాక మళ్ళీ గెలవడానికి 2004 దాకా, అంటే 86 ఏళ్ళు ఆగింది. షికాగో కబ్స్ 1908 నుంచి 2016 దాకా 108 ఏళ్ళు ఆగింది. తాత చూసిన ఓటమిని మనవడు ఆస్తిలా పంచుకున్నాడు. అక్కడి జట్లు మహా శుద్ధమైనవని నేననడం లేదు. అక్కడున్నదీ డబ్బు వ్యాపారమే. కానీ అక్కడ ఒక నాయకుణ్ణి తీసేస్తే మర్నాడు పొద్దున్నే నగరం నగరమంతా "ఎందుకు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడి కొన్ని తప్పులు పుట్టకముందే ఆగిపోతాయి.

మనకు ఇంకా డెబ్భై చిల్లర ఏళ్ళే గడిచాయి. ఆగడం మనకు కొత్త కాదు. లేనిదల్లా ఆ పొయ్యి.

అలాగని చూసేవాడి మీద భారమంతా వేసి కూర్చున్నవాళ్ళను వదిలెయ్యమని కాదు. సంఘం చెయ్యదగినవి పెద్ద విషయాలేమీ కావు. నాయకుణ్ణి మార్చినా, శిక్షించినా, ఫిర్యాదు తోసిపుచ్చినా, కారణం ఒక్క పేజీలో తెలుగులో రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. ఆటగాళ్ళ ఫిర్యాదులు వినడానికి ఏ పార్టీతోనూ, ఏ పదవితోనూ సంబంధం లేని మాజీ ఆటగాడో, న్యాయమూర్తో ఉండాలి. నిరభ్యంతర పత్రం అడిగిన ఆటగాడికి ఇన్ని రోజుల్లో జవాబివ్వాలన్న గడువుండాలి. ఏడాదికి ఒక్క రంజీ మ్యాచయినా గోదావరి జిల్లాల్లో జరగాలి. తగిన మైదానం లేదంటే ముందు ఆ మైదానం తయారు కావాలి.

మనవంతు ఇంకా తేలిక. రంజీ మ్యాచికి సాధారణంగా టికెట్టుండదు, తోపులాట ఉండదు. విశాఖ రైలెక్కి ఒక్క రోజు చూసి రావచ్చు. అంత వీలుకాకపోతే స్కోరు చదువుకోవచ్చు. ఓడితే ఎందుకోడామో నలుగురం కూర్చుని మాట్లాడుకోవచ్చు. మన జట్టు గురించి మన భాషలో రాసుకోవచ్చు. ఇంగ్లీషు పత్రికలో నాలుగు వాక్యాల వార్త తప్ప ఆ ఇండోరు మ్యాచి గురించి తెలుగులో తీరిగ్గా చదువుకోవడానికి ఏమైనా దొరుకుతుందేమోనని ఆ రోజుల్లో వెతికాను. దొరికినదంతా ఇన్‌స్టాగ్రాము గొడవే. బంతి ఎలా తిరిగింది, పిచ్చి ఎలా ఉంది, ఆ చివరి వికెట్లవాళ్ళు ఎలా పోరాడారు అన్నది ఎవరికీ పట్టలేదు.

* * *

2025 ఆగస్టులో విహారి ఆంధ్రను వదిలి త్రిపుర జట్టుకు వెళ్ళాడు. ఈసారి అరుపుల్లేవు, ఆరోపణల్లేవు. మూడు ఫార్మాట్లలోనూ ఆడే అవకాశం కావాలనుకున్నాడు, అక్కడ దొరుకుతుందనుకున్నాడు, సంఘం అనుమతి తీసుకుని వెళ్ళాడు. ముప్పై దాటిన ఆటగాడికి అది సహజమైన ఆశ. 2017లో విజయనగరంలో ఒడిశా మీద 302 పరుగులతో అజేయంగా నిలిచినవాణ్ణి అగర్తల చొక్కాలో చూడడం నాకు కష్టంగానే ఉంటుంది. అయినా ఈ వీడ్కోలు మీద నాకు కోపం లేదు. కారణం కళ్ళెదుట ఉంది, దాన్ని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. 2024లో మనకు దక్కనిది ఆ కాస్తే.

ఆటగాళ్ళు వస్తారు, పోతారు. సి.కె.నాయుడూ పోయాడు, విహారీ పోయాడు, రేపు ఇంకొకరు పోతారు. భోపాలులో పుట్టిన రికీ భుయ్ వచ్చి మనవాడైపోయినట్టే, కాకినాడ పిల్లవాడు త్రిపురకు పోయి వాళ్ళవాడవుతాడు. జట్టు నిలిచేది ఎవరున్నా, ఎవరు పోయినా దాన్ని చూస్తూ ఉండేవాళ్ళ వల్ల. ఆ నాలుగు పరుగులను ఆ రోజు ఆడిన పదకొండుమంది లెక్కలో రాసుకోవచ్చు. ఆ నాలుగు నెలలను ఎవరి లెక్కలో రాయాలో తేల్చే పని మాత్రం ఇంకా మన ముందే ఉంది.

ఈసారి ఆంధ్ర ఎక్కడ ఆడుతోందో మీకు తెలిస్తే చెప్పండి. దగ్గరైతే కలిసే వెళ్దాం.